మూడో అంకె మారింది, ప్రోగ్రాం ఆగింది

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అప్‌డేట్ల గురించే. అందులోనూ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మీద. కాలేజీలు తెరిచారు, పిలకాయలు ఎవరి ల్యాప్‌టాప్‌లో వాళ్లు ఎక్కించుకున్నారు, ల్యాబ్‌లో ఒక నంబరు, ఇంట్లో ఇంకో నంబరు అయి కూర్చుంది. ఒకే సంగతి అడిగినవాళ్ల ఉత్తరాలు కలిపేశాను. పేర్లు వేయలేదు. కొందరు వద్దన్నారు, మిగతావాళ్లకీ అదే మర్యాద.

ప్రశ్న: మాస్టారూ, నేను ఒంగోల్లో బీటెక్ రెండో సంవత్సరం. మా ల్యాబ్‌లో పైథాన్ 3.10.4 ఉంది, నా ల్యాప్‌టాప్‌లో 3.10.11. ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాం (1 నుంచి ఇచ్చిన సంఖ్య దాకా అన్నీ గుణించేది) రెండు చోట్లా అక్షరం తేడా లేకుండా ఒకటే. 1000 ఇస్తే రెండింట్లోనూ జవాబు వస్తుంది. 2000 ఇస్తే ల్యాబ్‌లో వస్తుంది, నా దాంట్లో వాల్యూ ఎర్రర్. సార్‌ని అడిగితే నీ ల్యాప్‌టాప్‌లో ర్యామ్ చాలదన్నారు. చివరి అంకె మారితే తప్పులు సరిచేస్తారే గానీ భాష మారదు అంటారు కదా. మరి ఇదేంది?
(బీటెక్ విద్యార్థి, ఒంగోలు)

జవాబు: ర్యామ్‌కీ దీనికీ సంబంధం లేదు నాయనా. 2000 ఫ్యాక్టోరియల్ దాచుకోవడానికి మూడు కిలోబైట్లు కూడా పట్టవు. నువ్వు గమనించింది కరెక్టు. నీ ల్యాప్‌టాప్ మీద అనుమానం పెట్టుకోకు.

1000 ఫ్యాక్టోరియల్‌లో 2568 అంకెలుంటాయి. 2000 ఫ్యాక్టోరియల్‌లో 5736. ఈ రెండింటి మధ్యలో ఒక గీత గీశారు, 4300 దగ్గర. పూర్ణసంఖ్యలో అంతకు మించి అంకెలుంటే దాన్ని పదుల్లో రాసిన అక్షరాల వరసగా, అంటే దశాంశ స్ట్రింగ్‌గా మార్చనివ్వరు, అంత పొడుగు స్ట్రింగ్‌ని సంఖ్యగానూ మార్చనివ్వరు. 3.10 వరసలో ఈ గీత 3.10.7తో వచ్చింది, 2022 సెప్టెంబరులో. మీ ల్యాబ్‌లోది దానికి ముందుది, నీది తర్వాతది. అంతకంటే పాత వరసలను కూడా వదల్లేదు. 3.9.14, 3.8.14, 3.7.14 అన్నిటికీ అదే గీత పెట్టారు.

ఇప్పుడు నువ్వే ఒక పని చెయ్. నీ ల్యాప్‌టాప్‌లో 2000 ఫ్యాక్టోరియల్‌ని ఒక వేరియబుల్‌లో పెట్టు, ప్రింట్ చేయొద్దు. ఎర్రర్ రాదు. దాన్ని 7తో భాగిస్తే శేషం ఎంతో అడుగు, చెబుతుంది. ఎన్ని బిట్లో అడుగు, 19 వేల పైచిలుకు అని చెబుతుంది. హెక్స్‌లో, అంటే పదహారు ఆధారంగా, చూపించమను, గడగడా చూపిస్తుంది. దశాంశంలో ప్రింట్ చేయమన్నప్పుడే మొరాయిస్తుంది. లెక్క చేయడం ఆగలేదు, పదుల్లో రాసి చూపించడం ఒక్కటే ఆగింది.

ఎందుకంటే, పైథాన్ లోపల సంఖ్యను దాచుకునేది రెండు ఆధారంగా. హెక్స్‌కి మార్చాలంటే బిట్లను నాలుగేసి చొప్పున విడగొట్టుకుంటూ పోతే చాలు. పదికి మార్చాలంటే అట్లా కుదరదు. మొత్తం సంఖ్యను మళ్లీ మళ్లీ భాగించుకుంటూ రావాలి. అప్పటి పద్ధతిలో అంకెలు రెట్టింపైతే టైము నాలుగు రెట్లయ్యేది. వెయ్యి అంకెలకు పట్టే టైముతో పోలిస్తే లక్ష అంకెలకు వంద రెట్లు కాదు, పది వేల రెట్లు. నీ ఫ్యాక్టోరియల్‌కి ఇది లెక్కలోకి రాదు. ఒక వెబ్‌సైటు సంగతి ఆలోచించు. ఫారంలో వయసు అని ఒక గడి ఉంది. ఎవడో ఆకతాయి అందులో లక్షల అంకెల సంఖ్య పెట్టి పంపాడు. సర్వరు దాన్ని పాపం నిజాయితీగా పూర్ణసంఖ్యగా మార్చబోతుంది, అక్కడే ఇరుక్కుపోతుంది. అట్లాంటివి పది పంపితే సైటు పడుకుంటుంది. పాస్‌వర్డు దొంగిలించక్కర్లేదు, లోపలికి దూరక్కర్లేదు. ఈ లోపానికి, బయటపడ్డ భద్రతా లోపాల జాబితాలో, సీవీఈ-2020-10735 అని నంబరు ఇచ్చారు. నంబరులోనే 2020 ఉంది చూడు, సరిచేసింది 2022లో.

చివరి అంకె మారితే భాష మారదనే మాట మామూలుగా నిజమే. భద్రత అడ్డం వచ్చినప్పుడు ఆ మాటను పక్కన పెడతారు. ఇదొక్కటే కాదు. 2021 ఫిబ్రవరిలో 3.9.2 వచ్చినప్పుడు వెబ్ చిరునామాల్లోని పారామీటర్లను విడదీసే పద్ధతి మార్చారు. అంతకుముందు యాంపర్‌సాండ్‌ని (&), సెమీకోలన్‌ని (;) రెండింటినీ ఒప్పుకునేవాళ్లు. ఆ తర్వాత యాంపర్‌సాండ్ ఒక్కటే. ఎక్కడో సెమీకోలన్ వాడుకుంటున్నవాళ్ల ప్రోగ్రాం ఎర్రర్ కూడా ఇవ్వకుండా తప్పు జవాబు ఇవ్వడం మొదలుపెట్టింది. నన్నడిగితే, వాల్యూ ఎర్రర్ వచ్చిన నువ్వు వాళ్లకంటే అదృష్టవంతుడివి.

ఆ గీత తీసేయాలంటే దారుంది. సిస్ మాడ్యూల్‌లో సెట్ ఇంట్ మ్యాక్స్ ఎస్‌టీఆర్ డిజిట్స్ అని ఒక ఫంక్షన్ పెట్టారు, పేరులో మాటల మధ్య అండర్‌స్కోర్లు రావాలి. దానికి సున్నా ఇస్తే హద్దు పోతుంది. వేరే సంఖ్య ఇస్తే అదే కొత్త హద్దు, అది 640కి తగ్గకూడదు. నీ ఇంట్లో, నీ ప్రోగ్రాంలో సున్నా పెట్టుకో, ఏం ఫరవాలేదు. రేపు ఉద్యోగంలో బయటివాళ్లు డేటా పంపే సర్వరులో మాత్రం ఆ పని చేయకు.

ఇంకో మాట. 2000 ఫ్యాక్టోరియల్ చివర ఎన్ని సున్నాలున్నాయి అని పరీక్షలో అడిగితే చాలామంది దాన్ని స్ట్రింగ్‌గా మార్చి వెనక నుంచి లెక్కపెడతారు. ఇప్పుడు అది నడవదు. పదితో శేషం సున్నా వస్తున్నంతసేపు భాగించుకుంటూ పో, ఎన్నిసార్లు భాగించావో లెక్కపెట్టు, 499 వస్తుంది. అసలు ప్రోగ్రామే వద్దనుకుంటే 2000ని 5తో, 25తో, 125తో, 625తో భాగించి భాగఫలాలు కూడు: 400, 80, 16, 3. అదే జవాబు. ఈ పద్ధతి మీ లెక్కల సార్‌కి నచ్చుతుంది.

మీ ల్యాబ్‌లో పనిచేస్తోందంటే ల్యాబ్ బాగుందని కాదు, పాతబడిందని. 3.10.4 తర్వాత సరిచేసినవేవీ అందులో లేవు. సార్‌తో ఆ మాట నువ్వు అనొద్దు. ఈ పేజీ చూపించు.

ప్రశ్న: సార్, నేను ఇంటర్ చదువుతున్నాను. 3.9 కంటే 3.10 చిన్నది కదా, మరి 3.10 కొత్తది ఎట్లా అవుతుంది? మా తమ్ముడు నవ్వుతున్నాడు.
(విద్యార్థిని, కందుకూరు)

జవాబు: నవ్వాల్సిన ప్రశ్న కాదమ్మా, కంప్యూటర్లు కూడా ఇక్కడ పడ్డాయి. అది దశాంశ బిందువు కాదు, వేరు చేసే చుక్క. మొదటి అంకె భాష పెద్ద తరం. రెండోది ఏడాదికోసారి అక్టోబరులో వచ్చే కొత్త వరస. మూడోది ఆ వరసకి చేసే మరమ్మతు. తొమ్మిది తర్వాత పది వచ్చింది, అంతే. 3.10 వచ్చినప్పుడు చాలామంది సెట్టింగుల ఫైళ్లలో కొటేషన్ గుర్తులు లేకుండా 3.10 అని రాశారు. కంప్యూటరు దాన్ని దశాంశ సంఖ్యగా చదివి, చివరి సున్నా కొట్టేసి, 3.1 కోసం వెతికింది. 3.1 ఎప్పుడో 2009 నాటిది. మీ తమ్ముడికి ఇది చెప్పు.

ప్రశ్న: మాది కావలి. రొయ్యల మేత డీలరు దగ్గర అకౌంట్లు చూస్తాను. బిల్లుల ప్రోగ్రాం పైథాన్ 3.10లో రాసిచ్చారు. 3.10.12లో భద్రతా లోపాలు సరిచేశారని తెలిసి విండోస్ ఇన్‌స్టాలర్ కోసం సాయంత్రమంతా వెతికాను. 3.10.11 వరకే ఉంది. తర్వాతవి వట్టి సోర్సు కోడ్. నేనేదో తప్పు చోట వెతుకుతున్నానా?
(అకౌంటెంటు, కావలి)

జవాబు: సరైన చోటే వెతికారు. లేనిది దొరకదు.

ప్రతి వరసకీ అయిదేళ్ల ఆయుష్షు. 3.10 వరసకి మొదటి ఏడాదిన్నర పూర్తి సేవ జరిగింది. దాదాపు రెండు నెలలకోసారి ఒక విడుదల, రకరకాల తప్పుల సవరణ, విండోస్‌కీ మ్యాక్‌కీ తయారుగా ఇన్‌స్టాలర్లు. ఆ తర్వాత మిగిలిన మూడున్నరేళ్లు భద్రతా సవరణలు మాత్రమే, అవి కూడా సోర్సు రూపంలో. కంపైల్ చేసుకునే, అంటే నడిచే ప్రోగ్రాంగా మార్చుకునే, బాధ్యత మనది. లినక్స్ వాళ్లకి ఇది పట్టదు, వాళ్ల పంపిణీదారులే కంపైల్ చేసి ఇచ్చేస్తారు. ఇబ్బందంతా విండోస్ వాళ్లదే.

ఏ వరస ఇన్‌స్టాలర్ ఎక్కడ ఆగిందో రాసిపెట్టుకోండి. 3.8 వాళ్లకి 3.8.10, 3.9 వాళ్లకి 3.9.13, 3.10 వాళ్లకి 3.10.11, 3.11 వాళ్లకి 3.11.9, 3.12 వాళ్లకి 3.12.10. 3.13 నుంచి పూర్తి సేవను రెండేళ్లకు పెంచారు, అది కొంచెం మేలు.

మీకు నా సలహా: 3.10.12 కంపైల్ చేసే జోలికి పోవద్దు. అకౌంట్లు చూసే మనిషికి ఆ తలనొప్పి ఎందుకు? ప్రోగ్రాం రాసిచ్చినాయన్ని పిలిచి ఇంకా ఇన్‌స్టాలర్లు వస్తున్న కొత్త వరసకి మార్పించండి. 3.10 అయిదేళ్లూ 2026 అక్టోబరుతో సరి. మార్చేముందు పాత కంప్యూటరు కదిలించకుండా, వేరే దాంట్లో కొత్తది పెట్టి, ఒక నెల బిల్లులు రెండింట్లోనూ కొట్టి చూడండి. మేత బస్తాల లెక్క, జీఎస్టీ, ఉద్దర ఖాతా మూడూ పైసాతో సహా కలిస్తేనే పాతది ఆపండి. రొయ్య ధర పడిపోయిన రోజుల్లో ఉద్దర ఖాతాలో తేడా వస్తే చెరువుల వాళ్లతో మాటలు పడేది మీరే, ప్రోగ్రామరు కాదు.

ప్రశ్న: చీమకుర్తిలో గ్రానైటు ఫ్యాక్టరీలో కంప్యూటరు పని చేస్తా. క్వారీ నుంచి, పాలిషింగు నుంచి బ్లాకుల ఫొటోలు, కొలతలు టార్ ఫైళ్లుగా వస్తాయి. వాటిని విప్పడానికి చిన్న పైథాన్ స్క్రిప్టు ఉంది. 3.12కి మారాక ప్రతిసారీ ఫిల్టర్ పెట్టమని ఒక హెచ్చరిక వస్తోంది. ఫైళ్లు మాత్రం బాగానే విప్పుకుంటున్నాయి. పట్టించుకోవాలా, వదిలేయాలా?
(కంప్యూటరు ఆపరేటరు, చీమకుర్తి)

జవాబు: పట్టించుకోవాలి. ఇది చాలా పాత కథ.

టార్ ఫైలంటే చాలా ఫైళ్లను కట్టిన ఒక మూట. దాని లోపల ప్రతి ఫైలుకీ ఒక పేరుంటుంది, ఆ పేరులోనే ఫోల్డరు దారి కూడా ఉంటుంది. ఆ దారిలో రెండు చుక్కలు పెడితే ఒక ఫోల్డరు వెనక్కి వెళ్లమని అర్థం. ఎవరైనా కావాలని రెండు చుక్కలు వరసగా పేర్చి పంపితే, మీరు ఫొటోల ఫోల్డరులో విప్పుతున్నాననుకుంటారు, అది మెల్లగా వెనక్కి నడుచుకుంటూ పోయి మీ సిస్టమ్ ఫైలు మీద కూర్చుంటుంది. ఈ సంగతి 2007లోనే బయటపడింది, సీవీఈ-2007-4559. నమ్మకం లేని చోటు నుంచి వచ్చిన ఫైళ్లు విప్పొద్దని డాక్యుమెంటేషన్‌లో ఒక హెచ్చరిక రాసి ఊరుకున్నారు. పదిహేనేళ్లు అట్లాగే నడిచింది. హెచ్చరిక చదివి ఆగేవాళ్లు ఎంతమంది ఉంటారు చెప్పండి? లారీ వెనక సౌండ్ హారన్ అని రాసుంటే చదివి కొడుతున్నామా?

చివరికి 2023లో ఫిల్టర్ అనే ఏర్పాటు చేశారు. డేటా అనే ఫిల్టర్ పెడితే, గమ్యం ఫోల్డరు దాటి బయటికి పోయే ఫైళ్లను ఆపుతుంది, బయటికి చూపించే లింకులను ఆపుతుంది, డివైసు ఫైళ్లలాంటి వింత సరుకును ఒప్పుకోదు. 3.12లో ఇది పెట్టకపోతే మీకు కనిపిస్తున్న హెచ్చరిక ఇస్తుంది. 3.14లో, అంటే 2025 అక్టోబరు నుంచి, మీరు చెప్పకపోయినా డేటా ఫిల్టరే వర్తిస్తుంది. కాబట్టి స్క్రిప్టులో ఎక్స్‌ట్రాక్ట్ ఆల్ అని పిలిచే చోట ఫిల్టర్ ఈక్వల్‌టు డేటా అని, డేటాను కొటేషన్లలో పెట్టి, ఇప్పుడే చేర్చేయండి. హెచ్చరికా పోతుంది, 3.14కి మారిన రోజు ఇబ్బందీ ఉండదు.

మీ క్వారీ ఫైళ్లు మీవాళ్లే పంపుతారు కదా, భయమెందుకు అనొచ్చు. ఎగుమతి కొనుగోలుదారులు, మధ్యవర్తులు పంపేవి కూడా అదే స్క్రిప్టులో విప్పుతుంటారని నా అనుమానం. విప్పుతుంటే ఇది తప్పదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, పైన కావలి ఆయన ఉత్తరానికీ దీనికీ ముడి అదే. ఈ ఫిల్టరును పాత వరసలకు కూడా ఇచ్చారు: 3.11.4కి, 3.10.12కి, 3.9.17కి, 3.8.17కి. 3.10కి విండోస్ ఇన్‌స్టాలర్ ఆగింది ఎక్కడ? 3.10.11 దగ్గర. ఒక్క మెట్టు ముందు! మీ స్క్రిప్టుని తీసుకెళ్లి విండోస్ 3.10.11లో నడిపితే ఫిల్టర్ అంటే ఏమిటో తెలియదని టైప్ ఎర్రర్ ఇస్తుంది. ఫ్యాక్టరీలో ఇంకేదైనా పాత కంప్యూటరుంటే ముందు దాని నంబరు చూసుకోండి. 3.11 వరస మీద ఉన్నవాళ్లకి ఈ బాధ లేదు, 3.11.9 దాకా ఇన్‌స్టాలర్ ఉంది కాబట్టి.

అప్‌డేట్ చేసేముందు ఏం చూడాలని ఇంకొందరు అడిగారు, ఇక్కడే చెప్పేస్తాను. ప్రతి విడుదలకీ చేంజ్‌లాగ్ అని ఒక జాబితా ఉంటుంది. చూస్తే కళ్లు తిరుగుతాయి, వందల పంక్తులుంటాయి. మొత్తం చదవక్కర్లేదు. అది విభాగాలుగా ఉంటుంది: సెక్యూరిటీ, కోర్, లైబ్రరీ, డాక్యుమెంటేషన్, టెస్టులు, బిల్డ్, విండోస్, మ్యాక్, ఇట్లా. నేనైతే సెక్యూరిటీ విభాగం ప్రతి పంక్తీ చదువుతాను. ప్రోగ్రాం ఆగిపోయేలా చేసే మార్పులు ఎక్కువగా అక్కడే ఉంటాయి. తర్వాత లైబ్రరీ విభాగంలో మన ప్రోగ్రాం పైన ఇంపోర్ట్ అని రాసుకున్న పేర్లు మాత్రం వెతుకుతాను. డాక్యుమెంటేషన్, టెస్టులు తిప్పేస్తాను. ఒక టీ తాగే లోపల అయిపోతుంది.

ప్రశ్న: దర్శి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారిని. దాతలిచ్చిన కంప్యూటర్లన్నీ విండోస్ 7. కొత్త పైథాన్ ఎక్కట్లేదు. పిల్లలకి నేర్పాలని ఆశ. దారేమిటి?
(ఉపాధ్యాయుడు, దర్శి)

జవాబు: మాస్టారూ, విండోస్ 7 మీద నడిచే చివరి వరస 3.8. అందులో చివరి ఇన్‌స్టాలర్ 3.8.10. అది వేయండి. 2024 అక్టోబరుతో 3.8కి భద్రతా సవరణలు కూడా ఆగిపోయాయి, కాబట్టి ఆ కంప్యూటర్లను ఇంటర్నెట్‌కి కలపకండి. వైరు పీకేసి నేర్పండి. లూపులు, లిస్టులు, ఫంక్షన్లు, ఎఫ్ స్ట్రింగులు అన్నీ అందులో ఉన్నాయి. మ్యాచ్, కేస్ అని రాసే పద్ధతి 3.10లో వచ్చింది, కొత్త పుస్తకంలో ఆ పాఠం ఉంటే దాటేయండి. అన్నట్టు, 3.8.10 ఆ 4300 గీతకి ముందుది. మీ పిల్లలు 2000 ఫ్యాక్టోరియల్ హాయిగా ప్రింట్ చేసుకోవచ్చు, ఒంగోలు బీటెక్ అబ్బాయికి లేని భాగ్యం. తీరిక దొరికితే ఒక కంప్యూటరు మీద తేలికపాటి లినక్స్ వేసి చూడండి. పాత యంత్రాలకి అది ప్రాణం పోస్తుంది.

ప్రశ్న: నెల్లూరులో డిప్లొమా విద్యార్థులకి సీ లాంగ్వేజ్ చెబుతాను. మా లైబ్రరీకి సీ11 పుస్తకాలున్నాయి. సీ17 అని తర్వాత ఇంకోటి వచ్చిందట. కొత్త పుస్తకాలు కొనమని ప్రిన్సిపాల్‌ని అడగాలా? మా ల్యాబ్ మాత్రం ఇంకా టర్బో సీ మీదే ఉంది.
(లెక్చరరు, నెల్లూరు)

జవాబు: మేడం, మీ మొదటి ప్రశ్న చదివి సంతోషించాను, చివరి వాక్యం చదివి కుర్చీలో వెనక్కి వాలాను.

సీ17 కోసం పైసా ఖర్చు పెట్టొద్దు. ఒక భాషకి మరమ్మతు అప్‌డేట్ అంటే ఇంతకంటే స్వచ్ఛమైన ఉదాహరణ దొరకదు. సీ11 ప్రమాణంలో బయటపడ్డ లోపాలను, అస్పష్టమైన వాక్యాలను సరిచేసి 2018లో మళ్లీ అచ్చేశారు. కొత్త సదుపాయం ఒక్కటీ లేదు. 2018లో వచ్చింది కాబట్టి కొందరు సీ18 అంటారు. లోపల వెర్షను సంఖ్య 201710 కాబట్టి సీ17 అనేవాళ్లే ఎక్కువ. రెండూ ఒకటే. మారినవి ఎంత చిన్నవంటే, మెమరీ సైజు మార్చే రీఅలాక్ ఫంక్షన్‌కి సైజు సున్నా ఇవ్వడం ఇకముందు మానుకోండి అని చెప్పడం లాంటివి. డిప్లొమా సిలబస్‌లో అది రాదు. మీ సీ11 పుస్తకాలు బంగారంలా పనికొస్తాయి.

పైథాన్‌కీ సీకీ ఇక్కడ తేడా ఉంది. పైథాన్‌లో మూడో అంకె మారిందంటే మన కంప్యూటరులోకి ఒక కొత్త ప్రోగ్రాం వస్తుంది. సీ విషయంలో మారేది ఒక దస్తావేజు, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ వాళ్లు అచ్చేసేది. దాన్ని అమలు చేయడం జీసీసీ లాంటి కంపైలర్ల పని. అసలైన మార్పులున్నది సీ23లో, ప్రమాణం 2024లో వచ్చింది. బూల్, ట్రూ, ఫాల్స్ సొంత కీవర్డులయ్యాయి. ఫంక్షన్ పేరు పక్కన ఖాళీ బ్రాకెట్లు పెడితే ఆర్గ్యుమెంట్లు లేవని అర్థం. ఇంతకుముందు ఏవైనా ఉండొచ్చు, చెప్పలేదు అని అర్థం వచ్చేది. 2025లో వచ్చిన జీసీసీ 15 ఏమీ చెప్పకపోతే సీ23 పద్ధతినే పట్టుకుంటుంది. పాత రికార్డు నోటుబుక్కుల్లోంచి ఎక్కించిన ప్రోగ్రాములు అక్కడ తన్నుకుంటాయి, సిద్ధంగా ఉండండి.

ఇక ఆ నీలం స్క్రీను సంగతి. టర్బో సీ 1980ల చివర, 1990ల మొదట్లోని సరుకు, అప్పటికి సీ99 కూడా లేదు. ఇప్పటి విండోస్ మీద దాన్ని డాస్‌బాక్స్ అనే తొడుగు వేసి నడుపుతున్నారు. మీ ల్యాబ్‌లో ఇంట్ వేరియబుల్‌లో 40000 పెట్టి ప్రింట్ చేయించండి. మైనస్ 25536 వస్తుంది, ఎందుకంటే అక్కడ ఇంట్ రెండు బైట్లే, 32767 దాటితే తిరగబడుతుంది. అదే ప్రోగ్రాం పిల్లలు ఇంట్లో జీసీసీలో కొడితే 40000 వస్తుంది. వైవాలో ఇంట్ సైజు ఎంత అంటే రెండు బైట్లు అని చెప్పిన పిల్లకి మార్కులేస్తారు, అదే పిల్ల ఇంటర్వ్యూలో అదే జవాబు చెబితే అవతలివాళ్లు పెదవి విరుస్తారు. కీబోర్డు నుంచి పంక్తి చదివే గెట్స్ ఫంక్షన్‌ని ప్రమాదమని సీ11లోనే పూర్తిగా తీసేశారు. మీ రికార్డుల్లో స్ట్రింగ్ ప్రోగ్రాములన్నీ దాని మీదే ఉంటాయని పందెం కాస్తాను. దాని బదులు ఎఫ్‌గెట్స్ రాయించండి.

ప్రిన్సిపాల్ దగ్గరికి ఎలాగూ వెళుతున్నారు కాబట్టి, పుస్తకాల మాట వదిలి కంపైలరు మార్చడానికి అనుమతి అడగండి. జీసీసీ ఉచితం, కొనుగోలు కమిటీ కూర్చోనక్కర్లేదు. టర్బో సీలో వాడే క్లియర్ స్క్రీన్, గెట్‌సీహెచ్ ఫంక్షన్లు లేకుండా ప్రోగ్రాం రాయడం పిల్లలకి వారం రోజుల్లో అలవాటవుతుంది. సహోద్యోగులకి ఎంత కాలం పడుతుందో మాత్రం నేను పూచీ పడలేను.

ప్రశ్న: అయ్యా, నాది పొదలకూరు, నిమ్మకాయల వ్యాపారం. మా అమ్మాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అప్పుడప్పుడూ రాత్రంతా మేలుకుని పనిచేస్తుంది. ఏందమ్మా అంటే చిన్న అప్‌డేట్ నాన్నా అంటుంది. చిన్నదైతే రాత్రంతా ఎందుకు? పగలు చేసుకోకూడదా? వాళ్లమ్మకి ఒకటే టెన్షన్.
(ఒక తండ్రి, పొదలకూరు)

జవాబు: మీ అమ్మాయి అబద్ధం చెప్పడం లేదు, మీ అనుమానమూ తప్పు కాదు.

పగలు ఆ సాఫ్ట్‌వేరును వేలమంది వాడుతుంటారు. అప్‌డేట్ వేసేటప్పుడు ఒక్కో సర్వరును ఆపి, మార్చి, మళ్లీ లేపాలి. జనం తక్కువున్న వేళ చేయడమే పద్ధతి, అది రాత్రే. మార్చడానికి పది నిమిషాలు పడితే, మార్చాక అన్నీ సరిగ్గా నడుస్తున్నాయా లేదా చూడడానికి గంటలు పడుతుంది. తేడా వస్తే పాతదానికి వెనక్కి తేవాలి. ఆ కాపలా కోసమే మేలుకోవడం.

చిన్న అప్‌డేట్ కూడా అంత కాపలా ఎందుకు అడుగుతుందో చెబుతాను. 2021 ఏప్రిల్ 2న పైథాన్ 3.9.3 విడుదలైంది. మూడో అంకె మాత్రమే మారింది. 32 బిట్ల కంప్యూటర్లలో, 3.9.0 నుంచి 3.9.2 దాకా వాటికోసం తయారుచేసుకున్న కొన్ని అనుబంధాలు దీంతో కూలిపోతున్నాయని తేలింది. దాన్ని వెనక్కి తీసుకుని ఏప్రిల్ 4న 3.9.4 ఇచ్చారు. రెండే రోజులు. ఆ రెండు రోజుల్లో తొందరపడి వేసుకున్నవాళ్ల పరిస్థితి ఊహించుకోండి. మళ్లీ 2025 జూన్ 3న 3.13.4 వచ్చింది. విండోస్ మీద అనుబంధాలు తయారుచేసుకోవడం ఆగిపోయింది, ఇంకొన్ని ఇబ్బందులూ తేలాయి. జూన్ 11కల్లా 3.13.5 ఇచ్చారు. ఇట్లాంటివి అరుదు. వచ్చినప్పుడు మాత్రం మేలుకుని ఉన్నవాళ్లే కాపాడతారు.

మీ అమ్మాయిని రెండు సంగతులడగండి. అప్‌డేట్‌ని ముందు వేరే కంప్యూటరు మీద పరీక్షించాకే అసలు సర్వరుకి వేస్తున్నారా అని ఒకటి. అది చేస్తుంటే ఆ రాత్రుల్లో చాలావరకు నిశ్శబ్దంగానే గడిచిపోతాయి, వాళ్లమ్మకి ఆ మాట చెప్పొచ్చు. రాత్రి పనిచేసిన దానికి మర్నాడు సెలవు ఇస్తున్నారా అని రెండోది. చాలా కంపెనీల్లో ఇస్తారు. కొత్తగా చేరిన పిల్లలు అడగడానికి మొహమాటపడతారు.

మీరు కోడి కూయకముందే లేచే మనిషని మీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. అట్లాంటి రాత్రి తెల్లవారి మాత్రం పదకొండు దాకా ఆ పిల్లకి ఫోన్ చేయకండి.